కింద తిరిగే చేపలున్న మొక్కల ట్యాంకు: అడుగున ఏం వెయ్యాలి, ఎరువు ఎటు నుంచి ఇవ్వాలి

మీరు అడిగింది ఇదీ. అమలాపురం దగ్గర ఊరు, మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అడుగుంపావు ఎత్తు ట్యాంకు. అందులో ఆరు కోరిడోరాస్ (మీసాలున్న చిన్న క్యాట్‌ఫిష్‌లు), ఐదు కూలీ లోచ్‌లు (పాముల్లా సన్నగా ఉండే చిన్న చేపలు), వీలైతే తర్వాత ఒక చిన్న బొమ్మిడాయి, మొక్కలు మాత్రం దట్టంగా కావాలి. షాపులో ఆక్వా సాయిల్ వెయ్యమన్నారు, మీ బావగారు రొయ్యల చెరువు మట్టి పరిచి పైన ఇసుక కప్పెయ్యమన్నారు, ఎరువుకి డీఏపీ చిటికెడు చాలన్నారు, వీటిలో ఏది మంచిది అని.

ఏదీ వద్దండి. గోదావరి ఇసుక జల్లించి కడిగి వేసుకోండి, మొక్కలకి తిండి కుండీల్లోనూ నీళ్లలోనూ విడిగా ఇవ్వండి. ట్యాంకు అడుగు చేపలది. మొక్కకి తిండి పెట్టడానికి నాలుగు దారులున్నాయి, కోరిడోరాస్‌కి మాత్రం తిరగడానికి ఆ నేల ఒక్కటే ఉంది, అందుకని ముందు దాని సంగతి చూసి, తర్వాత మొక్కల సంగతి చూడాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, మొక్కల వీడియోలు చూసి అడుగు వేసేసి చేపల్ని చివర్లో తెస్తారు.

కోరిడోరాస్ తిండి వెతకడం అంటే ఇసుకలోకి మూతి దూర్చి, నోటినిండా ఇసుక తీసుకుని, తినేది ఉంచుకుని మిగతా ఇసుకని మొప్పల్లోంచి వదిలెయ్యడం. సన్నటి ఇసుక ఉంటే రోజంతా ఇదే పని, ఒక్కోసారి కళ్ల దాకా లోపలికి పోతాయి. రెండు మూడు మిల్లీమీటర్ల గుళికల మీద ఆ పని కుదరదు, పైపైన తడుముకుంటూ తిరుగుతాయి. బతుకుతాయి, కానీ వాటి సహజమైన తీరు మీకు ఎప్పటికీ కనబడదు. కూలీ లోచ్‌లు పగలు ఇసుకలోనో ఆకుల కిందో దూరి పడుకుంటాయి, దీపం ఆర్పాక బయటికొస్తాయి. బొమ్మిడాయి గురించి మన ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు, ముక్కు కొన పైకి పెట్టి మిగతా ఒళ్లంతా ఇసుకలో దాచుకునే చేప. దాని కింద పదునైన కంకర వేస్తే ఒళ్లు గీరుకుపోతుంది, ఆ గీతల్లో ఫంగస్ పడుతుంది, మందు వేద్దామంటే ఈ రకం చేపలు రాగి ఉన్న మందుల్ని, మాలకైట్ గ్రీన్‌ని సరిగ్గా తట్టుకోలేవు. అందుకే గీరుకోకుండా చూసుకోవడమే మార్గం.

మీసాల విషయంలో ఒక అపోహ ఉంది. కోరిడోరాస్ మీసాలు అరిగిపోతే కంకర గరుకే కారణం అనుకుని ఊరుకుంటారు. గరుకు కొంత కారణమే, కానీ ఎక్కువసార్లు అసలు కారణం మురికి. గులకరాళ్ల సందుల్లోకి తిండి దిగిపోయి అక్కడ కుళ్లుతుంది, చేప రోజూ అదే చోట మూతి పెడుతుంది, బ్యాక్టీరియా పట్టి మీసాలు తరిగిపోతాయి. సన్నటి ఇసుక మీదైతే తిండి పైనే ఉంటుంది, చేపకి దొరుకుతుంది, మిగిలితే మీకు కనబడుతుంది, పైపు పెట్టి లాగెయ్యొచ్చు. ఇసుక వెయ్యమనడానికి నా మొదటి కారణం మెత్తదనం కాదు, ఈ శుభ్రత.

ఇక ఆక్వా సాయిల్. అది చెడ్డ సరుకు అని నేను అనను, చేపలు తక్కువా మొక్కలు ఎక్కువా ఉన్న ట్యాంకుకి, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టుకునేవాళ్లకి అది బాగా పనిచేస్తుంది. కాల్చి గుళికలు చేసిన పోషకాల మట్టి అది, మొదటి మూడు నాలుగు వారాలు అమ్మోనియా వదులుతుంది, నీళ్ల పీహెచ్‌నీ కార్బొనేట్ కాఠిన్యాన్నీ (ల్యాబు వాళ్లు ఆల్కలినిటీ అనేది దీన్నే) కిందికి లాగుతుంది. మన దగ్గర చిక్కు ఆ రెండో గుణంలోనే ఉంది. డెల్టాలో బోరు నీళ్ల ఆల్కలినిటీ చాలాచోట్ల ఎక్కువ, ప్రతి వారం ఆ నీళ్లు మారుస్తుంటే ఏడాదీ రెండేళ్లూ రావాల్సిన, పీహెచ్‌ని దించే ఆ శక్తి కొన్ని నెలల్లో అయిపోతుంది. ఆ తర్వాత మీ దగ్గర మిగిలేది ఖరీదైన మట్టి గుళికలు, అవీ నొక్కితే బురదయ్యేవి. కూలీ లోచ్‌లు, బొమ్మిడాయి దాన్ని రోజూ తవ్వితే ఇంకా త్వరగా పొడవుతుంది. పైన ఇసుక కప్పితే సరిపోదా అంటారు. ఆగదు. తవ్వే చేప ఉన్న ట్యాంకులో గుళికలు పైకొచ్చి ఇసుక కిందికి దిగుతుంది, పెద్ద గింజ పైకి చిన్న గింజ కిందికి పోవడం ఎలాగూ సహజమే, చేప దాన్ని తొందర చేస్తుంది.

చెరువు మట్టి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వైపు ఈ సలహా ఎక్కువ. మట్టి పరిచి ఇసుక కప్పే పద్ధతి ప్రపంచంలో చాలామంది చేసేదే, మంచి మట్టితో, తవ్వని చేపలతో చక్కగా నడుస్తుంది. కానీ రొయ్యల చెరువు అడుగు మట్టి మంచి మట్టి కాదు. పంట మీద పంట తీసిన చెరువులో మిగిలిన మేత, రొయ్య విసర్జన, చచ్చిన నాచు అన్నీ ఆ మట్టిలోనే చేరతాయి. గాలి అందక నల్లబడుతుంది, చెయ్యి పెడితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, అది హైడ్రోజన్ సల్ఫైడ్. చెరువులో ఆ నల్లమట్టి పేరుకోకుండా ఉండటానికి రైతు ఎంత ఖర్చు పెడతాడో మీ బావగారికే బాగా తెలుసు, పట్టుబడి అయ్యాక ఎండగట్టేదీ, సున్నం చల్లేదీ అందుకే. దాన్ని తెచ్చి గాజు ట్యాంకులో మూసిపెట్టి, పైన తవ్వే చేపని వదలడం ఆ చేపకి చాలా ప్రమాదం. పైగా ఉప్పునీటి చెరువైతే మట్టిలో ఉప్పు ఉంటుంది, నాచుకి వాడిన కాపర్ సల్ఫేట్ రాగి కూడా మట్టికి పట్టుకునే ఉంటుంది. పొలం మట్టి తెద్దామా అంటే వరికి కొట్టిన కలుపు మందు మిగిలి ఉండొచ్చు, కలుపు మందు మీ మొక్కల్ని గుర్తుపట్టి వదిలెయ్యదు.

అయితే ఏ ఇసుక? మనకి అదృష్టం బావుంది, గోదావరి పక్కనే ఉన్నాం. నది ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, నీళ్లలో కరగదు, పీహెచ్‌ని కదపదు. ర్యాంపు నుంచి ఇల్లు కట్టడానికి తెచ్చిన ఇసుక ఎవరింటి ముందైనా ఉంటుంది, అడిగి రెండు బస్తాలు తెచ్చుకోండి, సిమెంటు కలిసిన చోట నుంచి మాత్రం వద్దు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు ఇసుక అసలు వద్దు, అందులో ఉప్పు కన్నా పెద్ద సమస్య గవ్వల పొడి, అది కరుగుతూ నీళ్ల కాఠిన్యం పెంచుతూనే ఉంటుంది. నది ఇసుకలో కూడా నత్త గుల్లల ముక్కలు ఉండొచ్చు, ముఖ్యంగా సముద్రానికి దగ్గరి పాయల్లో. పరీక్ష సులువు. ఎండిన ఇసుక ఒక గుప్పెడు గ్లాసులో వేసి, బాత్‌రూములు కడిగే యాసిడ్ కొన్ని చుక్కలు వెయ్యండి, చేతికి గ్లౌజు వేసుకుని, గాలి తగిలే చోట. బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టు, వేరే ఇసుక చూసుకోండి. అక్కడక్కడా ఒకటి రెండు బుడగలైతే పర్వాలేదు.

జల్లెడ రెండు రకాలు కావాలి. తాపీ మేస్త్రీలు ప్లాస్టరింగ్‌కి వాడే జల్లెడలో ముందు జల్లిస్తే రాళ్లు పోతాయి. తర్వాత కిటికీకి కొట్టే దోమల జాలీలో జల్లిస్తే కిందికి దిగింది సన్నటి ఇసుక, అది ముందు భాగానికి, చేపలు తిరిగే చోటుకి. జాలీ మీద మిగిలింది కాస్త ముతక, అది వెనక మొక్కల వైపుకి, ముతక గింజల మధ్య నీళ్లు ఆడతాయి కాబట్టి వేళ్లకి మంచిది. ఆ ముతకదాన్ని అరచేతిలో వేసి గట్టిగా నలిపి చూడండి, గుచ్చుకుంటే ఆ లోడు వదిలెయ్యండి. తర్వాత కడగడం. బకెట్లో మూడో వంతు ఇసుక వేసి, పైపు అడుగు దాకా పెట్టి నీళ్లు వదులుతూ చేత్తో కలుపుతూ పొంగించాలి, బురద నీరు పోయి తేటనీరు వచ్చేదాకా. విసుగు పుడుతుంది, చెయ్యండి. సగం కడిగి వేస్తే నెల రోజులు ట్యాంకు మసకగానే ఉంటుంది.

ఇంకో చిన్న విషయం, గోదావరి ఇసుకలో నల్ల చారలు కనబడతాయి కదా, ఆ నల్లటి గింజల్లో కొన్ని అయస్కాంతానికి అంటుకునే రకం. పవర్ ఫిల్టర్ లోపల తిరిగే మోటారులో అయస్కాంతం ఉంటుంది, ఇవి దానికి పట్టుకుని అరగదీస్తాయి, అయస్కాంతపు బ్రష్‌తో గాజు తుడిస్తే గాజు మీద గీతలు పడతాయి. ఎండిన ఇసుక మీద పాత స్పీకర్ అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి నాలుగుసార్లు తిప్పితే చాలావరకు వచ్చేస్తుంది.

ఎంత ఇసుక కావాలి? మీ ట్యాంకు అడుగు సుమారు 90 సెంటీమీటర్లు, 38 సెంటీమీటర్లు. సగటున 5 సెంటీమీటర్ల మందం అంటే 17 లీటర్ల ఇసుక, తూకానికి 25 నుంచి 28 కిలోలు. ముందు 3 సెంటీమీటర్లు, వెనక 6 లేదా 7 చెయ్యండి. అంతకన్నా లోతు వద్దు. సన్నటి ఇసుక మరీ మందంగా ఉంటే కింద గాలి ఆడక, చెరువు అడుగున జరిగేదే ఇక్కడా మొదలవుతుంది. వేళ్లు బాగా పట్టిన చోట ఆ భయం తక్కువ, వేళ్లు ఇసుకలోకి ఆక్సిజన్ వదులుతాయి. ఖాళీగా ఉన్న ముందు భాగాన్ని చేపలే తిరగేస్తుంటాయి. మన కాలవల్లో దొరికే పొడుగాటి కోను గుల్ల నత్తలు నాలుగైదు ఉంటే మిగతా పని అవి చేస్తాయి, కానీ కాలవలోంచి నేరుగా తెచ్చి వెయ్యకుండా కొన్ని వారాలు వేరే డబ్బాలో ఉంచి చూసుకోండి.

ఇప్పుడు మొక్కలు. సారం లేని ఇసుకలో మొక్క ఎలా పెరుగుతుందని మీ భయం కదా. మొక్కల్ని రెండు గుంపులుగా చూడండి, నీళ్లలోంచి తినేవీ, వేళ్లతో తినేవీ. అనూబియాస్, జావా ఫెర్న్, జావా మాస్ వంటివాటికి నేల అవసరమే లేదు, కర్రకో రాయికో దారంతో కట్టాలి, అడ్డంగా పాకే లావుపాటి కాండం ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది. హైగ్రోఫిలా వంటి కాడ మొక్కలు ఇసుకలో నిలబడతాయి కానీ తిండి ఎక్కువగా ఆకులతోనే లాక్కుంటాయి. నేలలోంచి గట్టిగా తినేవి అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకోరిన్. వాలిస్నేరియా కొంత. మన ట్యాంకుల్లో నేల సారం నిజంగా కావాల్సింది ఈ కొద్దిపాటి మొక్కలకే, దానికోసం ట్యాంకంతా మట్టి పరచడం దేనికి?

వీటికి నేను చెప్పే పద్ధతి కుండీ. కడియం వెళ్లండి, నర్సరీల్లో నాలుగైదు అంగుళాల మట్టి కుండీలు, ఎర్రమట్టి, నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలు అన్నీ ఒకే చోట దొరుకుతాయి. కుండీలో మూడో వంతు ఎర్రమట్టి, అందులో ఆ గుళికలు నాలుగైదు మాత్రమే, పైన మూడో వంతు ముతక ఇసుక, మొక్క నాటాక పైన వేలిగోరంత నున్నటి గులకరాళ్లు ఒత్తుగా పరవండి. ఆ రాళ్లని కోరిడోరాస్ కదపలేదు, బొమ్మిడాయి కూడా లోపలికి దూరలేదు. కుండీని వెనక మూల పెట్టి ముందు రాళ్లో చెక్కో అడ్డం పెడితే కుండీ కనబడదు, మొక్క మాత్రమే కనబడుతుంది. మొక్క జరపాలంటే కుండీ ఎత్తి పెట్టొచ్చు, క్రిప్టోకోరిన్ వేళ్లు కదిలితే ఆకులన్నీ కరిగిపోతాయి కదా, ఆ బాధ ఉండదు. నర్సరీ మట్టిలో ముందే కలిపిన కంపోస్టు, పశువుల ఎరువు ఉంటే తీసుకోకండి, వట్టి ఎర్రమట్టి అడగండి. గుళికల ప్యాకెట్ మీద ఐదారు నెలలు అని రాసి ఉన్నా మన వేడికి ముందే కరిగిపోతాయి, మూడు నెలలు దాటాక కొత్త ఆకు చిన్నగా వస్తుంటే గులకరాళ్లు జరిపి ఇంకో మూడు గుళికలు లోతుగా గుచ్చండి. ఈ గుళికల్లో అమ్మోనియం ఉంటుంది, అందుకే వట్టి ఇసుకలో చేపలు తవ్వే చోట వాటిని పూడ్చొద్దు. కుండీ పెట్టడానికి చోటు లేకపోతే కుమ్మరి మట్టితో గోళీలంత ఉండలు చేసి, ఒక్కోదాంట్లో రెండే గుళికలు పెట్టి, నీడలో బాగా ఆరబెట్టి, వెనక లోతైన చోట పెద్ద మొక్క వేళ్ల కిందికి తోసెయ్యొచ్చు, కానీ బొమ్మిడాయి ఉన్న ట్యాంకులో ఇది కూడా వద్దు.

డీఏపీ గురించి. దయచేసి వెయ్యకండి. డీఏపీలో నత్రజని 18 శాతం, అదంతా అమ్మోనియం రూపంలో ఉంటుంది. మీ ట్యాంకు మొత్తం 130 లీటర్లు, ఇసుక, రాళ్లు, పైన ఖాళీ పోను నీళ్లు 100 లీటర్లు అనుకోండి. ఒక్క గ్రాము డీఏపీ వేస్తే 1.8 పీపీఎం (పీపీఎం అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము) అమ్మోనియా నత్రజని అవుతుంది. అది ఎంత విషం అన్నది పీహెచ్ మీద, వేడి మీద ఆధారపడుతుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపు భాగం ఒక శాతం లోపే, పీహెచ్ 8 అయితే ఏడు శాతం దాటుతుంది. మన బోరు నీళ్ల పీహెచ్ 8 దగ్గర్లో ఉండటం మామూలే, వేసవిలో 30 డిగ్రీలు దాటడం కూడా మామూలే. చెరువులో డీఏపీ వేస్తే నీళ్లని పచ్చగా చేసే నాచు దాన్ని తినేస్తుంది, అక్కడ కావాల్సింది ఆ నాచే. మీ ట్యాంకులో ఆ నాచు వద్దు, విషం మాత్రం చేపలకి మిగులుతుంది. యూరియా కూడా ఇదే దారి, నీళ్లలో అమ్మోనియాగా మారుతుంది. 19-19-19 అని ప్యాకెట్లలో అమ్మే ఎరువులో కూడా నత్రజని ఎక్కువ భాగం యూరియా, అమ్మోనియమే, ప్యాకెట్ వెనక రాసి ఉంటుంది చదవండి.

మరి ఏది? అదే ఎరువుల షాపులో డ్రిప్పుకి, పిచికారీకి కిలో ప్యాకెట్లలో అమ్మే 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్. అందులో నత్రజని నైట్రేట్ రూపంలో ఉంటుంది, చేపకి హాని లేని మోతాదులో మొక్కకి సరిపోతుంది. దాంతోపాటు 0-52-34, అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్. రెండూ పూర్తిగా కరిగే రకాలు, కిలో ప్యాకెట్ మీకు ఏళ్ల తరబడి వస్తుంది, అక్వేరియం షాపు సీసాల్లో ఉండేవి కూడా ఎక్కువగా ఇవే లవణాలు. ప్యాకెట్ తెరిచాక గాలి తగలని డబ్బాలో పొయ్యండి, మన తేమకి రాయైపోతుంది.

అర లీటరు ఆర్వో నీళ్లలో 13-0-45 ముప్పై గ్రాములు, 0-52-34 రెండు గ్రాములు కరిగించండి. బంగారం తూచే రకం చిన్న డిజిటల్ కాటా ఉండాలి, చెంచా లెక్క వద్దు. ఈ ద్రవం 10 మిల్లీలీటర్లు మీ 100 లీటర్ల నీళ్లకి వేస్తే నైట్రేట్ సుమారు 3.7 పీపీఎం, ఫాస్ఫేట్ 0.28 పీపీఎం పెరుగుతుంది. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 10 మిల్లీలీటర్లు చాలు. ఇంకో సీసాలో ఇనుము. డీటీపీఏ రకం చీలేటెడ్ ఐరన్ అడగండి, ఈడీటీఏ రకం వద్దు, మన నీళ్ల పీహెచ్‌లో ఈడీటీఏ ఇనుమును ఎక్కువసేపు పట్టి ఉంచలేదు, తుప్పులా అడుగున పడిపోతుంది. డీటీపీఏ ఇనుము సాధారణంగా 11 శాతం ఉంటుంది, అర లీటరు నీళ్లకి 5 గ్రాములు కలిపితే 10 మిల్లీలీటర్లలో మీ ట్యాంకుకి 0.1 పీపీఎం వస్తుంది. దీన్ని మొదటి సీసాలో కలపొద్దు, ఫాస్ఫేట్, ఇనుము కలిసి గడ్డకడతాయి, వేసే రోజులు కూడా వేరు వేరుగా ఉంచుకోండి. మాంగనీసు, బోరాన్ లాంటి సూక్ష్మపోషకాలకి మాత్రం అక్వేరియం మొక్కల కోసం అమ్మే చిన్న సీసా కొనుక్కుని, రాసిన మోతాదులో సగం వెయ్యండి. పొలానికి కొట్టే మిశ్రమాల్లో జింకు, రాగి పాళ్లు చేపల్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు.

కింద తిరిగే చేపలకి మీరు రోజూ తిండి వేస్తారు, రాత్రిళ్లు లోచ్‌లకి ఇంకాస్త వేస్తారు. ఆ తిండిలోంచే నత్రజని, భాస్వరం మొక్కలకి అందుతాయి. కాబట్టి రెండు నెలలు గడిచాక నైట్రేట్ పరీక్ష చేయించండి. 10 నుంచి 20 పీపీఎం మధ్య ఉంటే బావుంది. ఎరువు ఆపినా 20 దగ్గరే నిలబడుతుంటే ఇక 13-0-45 ఆపేసి, 0-0-50, అంటే పొటాషియం సల్ఫేట్ వాడండి, 100 లీటర్లకి ఒక గ్రాము వేస్తే సుమారు 4.2 పీపీఎం పొటాషియం వస్తుంది, వారానికి ఒకసారి చాలు. చేపల తిండి నుంచి మొక్కలకి సరిపడా రానివి పొటాషియం, ఇనుమే.

ఆకు చూసి లోపం తెలుసుకోవడం వరి చేసే ఇంట్లో పుట్టినవాళ్లకి కొత్త కాదు, సూత్రం ఇక్కడా అదే. ముదురు ఆకులు మొత్తంగా పసుపెక్కితే నత్రజని తక్కువ. ముదురు ఆకుల్లో గుండుసూది చిల్లులు పడి అవి పెద్దవైతే పొటాషియం తక్కువ. లేత ఆకు తెల్లబోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము. అయితే కొత్తగా తెచ్చిన మొక్క మొదటి మూడు వారాలు పాత ఆకులు వదిలేస్తుంది, అది చూసి కంగారుగా ఎరువు పెంచకండి. కొత్త ఆకుని బట్టే నిర్ణయించండి.

ఏ ఎరువు వేసినా, ఏ ఇసుక వేసినా నీళ్లు సరిగ్గా లేకపోతే లాభం లేదు. మనకి రొయ్యల చెరువుల పుణ్యమా అని ప్రతి చిన్న టౌనులోనూ ఆక్వా ల్యాబు ఉంది, భీమవరం, ఆకివీడు, అమలాపురం ఎక్కడైనా. ఒక సీసాలో మీ బోరు నీళ్లు తీసుకెళ్లి పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, సెలినిటీ, అమ్మోనియా చూపించుకోండి. వాళ్లు పీపీఎంలో రాసిస్తారు, అక్వేరియం పుస్తకాల్లో డిగ్రీలు ఉంటాయి, పీపీఎంని 17.9తో భాగిస్తే డిగ్రీ. సెలినిటీ, అంటే ఉప్పు, ఒక పీపీటీ (లీటరుకి ఒక గ్రాము) పైన చూపిస్తే ఆ నీళ్లు కలపడానికి కూడా పనికిరావు, కోరిడోరాస్‌కీ మొక్కలకీ ఉప్పు పడదు. ఉప్పు లేకుండా హార్డ్‌నెస్ మాత్రమే 400 ఉంటే, ఒక వంతు బోరు నీళ్లకి రెండు వంతులు ఆర్వో టిన్ను నీళ్లు కలిపితే 150 దగ్గరికి వస్తుంది, ఈ చేపలకీ మొక్కలకీ అది బావుంటుంది. వట్టి ఆర్వో నీళ్లు మాత్రం పొయ్యకండి, కాల్షియం లేక కొత్త ఆకులు మెలికపడతాయి, పీహెచ్ కూడా నిలబడదు. కుళాయి నీళ్లు వస్తుంటే, అవి కాలవ నీళ్లే కాబట్టి సాధారణంగా బోరు కన్నా హార్డ్‌నెస్ తక్కువ. క్లోరిన్‌కి ఆక్వా షాపులో దొరికే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, 100 లీటర్లకి ఒక గ్రాము వెయ్యండి. వేసవిలో కాలవలు కట్టేశాక పాత చెరువు నీళ్లు వదులుతారు, వరదల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు క్లోరిన్ పెంచుతారు, ఆ రెండు కాలాల్లో నీళ్ల మార్పిడి 30 శాతం నుంచి 15 శాతానికి తగ్గించి, బదులుగా వారానికి రెండుసార్లు చెయ్యండి.

వేడి మాటేమిటంటే, కోరిడోరాస్‌లో చాలా రకాలు 22 నుంచి 26 డిగ్రీల చేపలు. మన ఇళ్లల్లో మే నెలలో ట్యాంకు నీళ్లు 31, 32 దాకా పోతాయి. అందుకని షాపులో స్టెర్బాయ్ రకం అడగండి, అది వేడిని మిగతావాటికన్నా బాగా తట్టుకుంటుంది. పాండా కోరీ ముద్దొస్తుంది కానీ మన వేసవికి అది పనికిరాదు, ఏసీ గదిలో ఉంటే తప్ప. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి, కాబట్టి దీపం ఆర్పాక ఎయిర్ పంపు తప్పనిసరి, కరెంటు పోతే నడిచే బ్యాటరీ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. కోరిడోరాస్, లోచ్‌లు పైకొచ్చి గాలి మింగుతాయి, అది వాటి అలవాటే, నీటికీ మూతకీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉంచండి. అదే పనిగా అన్నీ పైకి పరిగెడుతుంటే మాత్రం అలవాటు కాదు, ఆక్సిజన్ తక్కువైనట్టు. ఫ్యాను పెడితే నీళ్లు ఆవిరై కొంత చల్లబడతాయి, మన ఉక్కలో ఆ ఫలితం తక్కువే. అలా తగ్గిన నీళ్లకి బదులు ఆర్వో నీళ్లే పొయ్యండి, ఆవిరైపోయేది నీరే, లవణాలు లోపలే ఉంటాయి, బోరు నీళ్లు పోస్తూ పోతే హార్డ్‌నెస్ నెలనెలా పెరుగుతుంది.

క్రమం ఇలా పెట్టుకోండి. ఇసుక, కుండీలు, మొక్కలు, నీళ్లు మొదట. దీపం రోజుకి ఆరేడు గంటలు మించకుండా. కాలవ నుంచి తెచ్చిన మొక్క ఏదైనా ఉంటే పొటాషియం పర్మాంగనేట్ లేత గులాబీ రంగు నీళ్లలో పది నిమిషాలు ఉంచి కడిగి నాటండి, తూనీగ పిల్ల పురుగు వస్తే చిన్న చేపల్ని తినేస్తుంది. నీటిమీద అంతరతామర నాలుగైదు మొక్కలు వెయ్యండి, మొదట్లో ఉండే అమ్మోనియాని అవి లాగేస్తాయి, పెరిగాక సగం తీసేస్తూ ఉండండి. కొత్త ఇసుక మీద గోధుమరంగు పొర వస్తుంది, తుడిచేస్తే చాలు, కొన్ని వారాలకి దానంతటదే తగ్గుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అని ల్యాబులో చూపించుకున్నాకే కోరిడోరాస్ తెండి. ఇంకో నెలకి లోచ్‌లు. బొమ్మిడాయి విషయంలో మాత్రం రకం చూసుకోండి, మన కాలవల్లో దొరికే పెద్ద రకం రెండడుగులు దాటుతుంది, మూడడుగుల ట్యాంకులో దాన్ని పెట్టడం న్యాయం కాదు. చిన్న రకమే అని నమ్మకం కుదిరితేనే తెచ్చుకోండి, మూతకి పైపుల దగ్గర ఉన్న సందులన్నీ స్పాంజితో మూసి, ఎందుకంటే చిటికెన వేలంత సందు చాలు అది రాత్రికి రాత్రి బయట నేల మీద ఉంటుంది.

ల్యాబు కాయితం వచ్చాక బోరు నీళ్ల ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, సెలినిటీ అంకెలు చెప్పండి, ఆర్వో ఎంత పాళ్లలో కలపాలో లెక్క వేసి ఇస్తాను. అప్పటిదాకా ఇసుక కడగడం మొదలుపెట్టండి.